ధర్మపురి బండ్ల ఆట

హుజూరాబాద్,
25 అక్టోబరు 1983

చిరంజీవి బాలకిషన్‌కు, అక్క దీవించి రాసేది.

నీ కవరు అందింది. బరువుగా ఉంటే భయపడ్డాను. మరదలు ప్రమోదిని పోయినప్పటి నుంచి, రెండేళ్ళుగా, నీ దగ్గర నుంచి వచ్చేవి కార్డులే. వాటి మీద ‘క్షేమం’ అని ఒక్క మాట. ఈసారి విప్పితే ఒక పటం, నాలుగు పేజీల నియమాలు, వాటి మీద నా పేరు. దేవుని ముందు పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివాను.

నాకు అర్థమైనంత రాస్తాను. తప్పయితే దిద్దు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్ళం తలా ఒక ఎడ్లబండి కట్టుకుని, ఎవరి ఊరి నుంచి వాళ్ళం ధర్మపురి నరసింహస్వామి జాతరకు బయలుదేరాం. బండి, ఎడ్లు అన్నీ పటం మీదే. ప్రతి పున్నమికి, అమావాస్యకు నీకు ఒక కార్డు రాయాలి. ఏ దారిన పోతామో, ఎంత మేత వేసుకున్నామో, ఎక్కడ ఆగుతామో. నీవు అందరి ఎత్తులూ పటం మీద జరిపి, ఎవరి బండి ఎక్కడుందో ఒక కాగితం సైక్లోస్టైల్ తీసి అందరికీ పంపుతావు. వాగులూ ఏర్లూ దాటేటప్పుడు నీవు మూడు గవ్వలు వేస్తావు. మూడూ బోర్లా పడితే బండి ఇసుకలో దిగబడినట్టు. దిగబడితే ఏమవుతుందో ఆరో నియమంలో ఒక్క ముక్కలో రాశావు: ఆట సమాప్తం. అందరికంటే ముందు ధర్మపురి చేరినవాళ్ళది గెలుపు.

ఇంట్లో కూచుని జాతరకు పోవడం బాగుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళ కోసం చేసినట్టుంది.

మీ బావగారు పటం చూసి, మానేరు ఒడ్డున మన రెండెకరాలు వేయలేదేమని అడిగారు. రెండు జిల్లాలు పట్టిన పటంలో రెండెకరాలు కనపడవని చెప్పాను. నమ్మలేదు. భూతద్దం తెప్పించుకున్నారు. ఆయనా ఒక బండి కడతారట. జగన్మోహన్‌రావు, హుజూరాబాద్ అని వేరే రాసుకో. ఆయనతో ఒకే బండిలో ముప్పై అయిదేళ్ళు ప్రయాణం చేశాను. ఈ ఒక్కసారి నా బండి నాకుండనీ.

నీవు వండుకుంటున్నావా, హోటలు భోజనమా? నాలుగు పేజీల్లో ఆ సంగతి లేదు.

నా ఎత్తు: మానకొండూరు దాకా. రెండు గోనెల మేత.

అక్క జానకి

*

బెల్లంపల్లి,
10 నవంబరు 1983

అక్కకు దండాలు. బావగారికి వేరే రాయడం లేదు. కారణం కింద ఉంది.

వారపత్రికలో నాలుగు పంక్తుల ప్రకటన వేస్తే ఎంతమంది వస్తారనుకున్నావు? పది మంది అనుకున్నాను. మీతో కలిపి నలభై ముగ్గురు. బొగ్గుబాయి మీద సర్వే పని ముగించుకుని నాలుగింటికి ఇల్లు చేరేసరికి తలుపు కింద కార్డులు పడి ఉంటాయి. మా పోస్టుమ్యాన్ గంగయ్య మొన్న నన్ను గల్లీలో ఆపి, “సారూ, మీకు మళ్ళ సంబంధాలు చూస్తున్నరా ఏంది, గిన్ని కార్డులొస్తున్నయి” అని అడిగాడు. నలభై ఆరేళ్ళవాడికి నలభై మూడు సంబంధాలు. కాదని చెప్పినా నవ్వుతూనే పోయాడు.

కార్డులన్నీ వంటింటి గట్టు మీద పరుస్తాను. (హోటలు భోజనమే. గట్టు ఖాళీగా ఉంది.) బోథ్ నుంచి గంగుబాయి అని ఒక పెద్దమనిషి ఆడుతోంది. మూడు జోడెడ్ల సేద్యం. పటం మీద ఎడ్లకు కూడా పేర్లు పెట్టింది, సర్జా, రాజా. నేను కాగితంలో ఆ పేర్లు వేయకపోతే ఊరుకోదట. సిరిసిల్ల నుంచి అంబదాస్. మరమగ్గాల మీద పని. కరెంటు పోయినప్పుడు రాయడం మొదలుపెట్టి, కరెంటు రాగానే ఎక్కడున్న వాక్యం అక్కడే వదిలేస్తాడు. మిగతాది నేను ఊహించి బండి జరపాలి.

ఎత్తులతో పాటు సలహాలు, ఫిర్యాదులు కూడా మొదలయ్యాయి. అవి ఎత్తుల్లో కలవకుండా ఖాళీ నెయ్యి డబ్బాలో వేస్తున్నాను. చదవను. మూత గట్టిది. ఆట చేసినవాడు ఆడేవాళ్ళ మాట వినడం మొదలుపెడితే దానికి అంతుండదు అక్కా. బాయిలో నేను గీసిన పటం చూసి ప్రతివాడూ గీత ఇటు జరుపు, అటు జరుపు అంటే, కప్పు ఎవరి నెత్తిన పడుతుంది?

ఇక బావగారి సంగతి. మానేరు దగ్గర గవ్వలు వేశాను. మూడూ బోర్లా. రెండోసారి వేయాలనిపించింది, వేయలేదు. ఆయన బండి దిగబడింది. సమాప్తం అని నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

నీ బండి మానకొండూరులో క్షేమం.

బాలకిషన్

*

హుజూరాబాద్,
16 నవంబరు 1983

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

బావగారికి తిన్నాక చెప్పాను. ముందు చెబితే తినరని.

పటం తెచ్చి మానేరు మీద వేలు పెట్టారు. “అమాసనాడు ఎవడన్న బండి కడుతడా? ఎడ్లకు గది సెలవు దినం. మీ తమ్ముడు ఎన్నడన్న కాడి పట్టిండా? సరే, కట్టినం, దిగబడ్డది. మానేట్ల బండి దిగబడితె నలుగురొచ్చి చక్రం పట్టరా? మనుషులు లేని ఏరా గది?”

నాకూ అదే అనిపించింది.

ఆయన ఇప్పుడు ఆటలో లేరు. అయినా రోజూ పొద్దున పటం విప్పి, చూసి, మడుస్తారు. దిగబడిన చోట పెన్సిలుతో చిన్న బండి వేసుకున్నారు. పక్కన తానే నిలబడి ఉన్నట్టు ఒక గీత. చూస్తే నవ్వు వస్తుంది. కాస్త జాలి కూడా.

అందుకని ఒక్క తాడు అడుగుతున్నాను. వెనక వచ్చే బండి ఆగి, తాడు వేసి లాగవచ్చు అని ఒక నియమం. నీ కాగితంలో చివర చోటు ఉంది, కొలిచి చూశాను.

నా ఎత్తు: మానేరు దాటుతాను. స్వామి దయ, నీ గవ్వల దయ.

అక్క

*

బెల్లంపల్లి,
25 నవంబరు 1983

అక్కకు దండాలు.

తాడు లేదు.

నీకు ఒకటి ఇస్తే ఎక్కడ ఆగాలి? డబ్బాలో వేసేటప్పుడు పై వరుస కంటపడక తప్పదు. మంథని వకీలు ఒకాయనకు బండి బదులు లారీ కావాలి. చెన్నూరు ఆయన తాను దాటేదాకా గోదావరిని ఆపమంటున్నాడు. జగిత్యాల నుంచి ఒక పంతులు తన ఊరు ధర్మపురికి దగ్గర కాబట్టి తన బండి నెమ్మదిగా కదలడం న్యాయమే గానీ, తనకు అది ఇష్టం లేదని రాశాడు. అమావాస్య సంగతి గంగుబాయి కూడా ఎత్తినట్టుంది. పటం మీది ఎడ్లకు అలసట ఉండదని ఎవరైనా ఆమెకు చెప్పాలి. మొదట బావగారికి నువ్వు చెప్పు.

తాడు గురించి మాత్రం నిజం చెబుతాను, ఒక్కసారే. దిగబడినవాళ్ళను ఎవరో వచ్చి లాగుతారని కాగితం మీద రాయడం నాకు చేతకాదు. ప్రమోదిని జబ్బు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మా తలుపు కొట్టినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాను. వేళ్ళు మిగిలాయి. చూసింది రాశాను. ఆరో నియమం అందుకే ఒక్క ముక్క.

నువ్వు మానేరు దాటావు. రెండు బోర్లా, ఒకటి వెల్లకిలా. ఆ ఒక్కదానికి దండం పెట్టుకో.

బాలకిషన్

*

హుజూరాబాద్,
2 డిసెంబరు 1983

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

కార్తీకమాసం దీపాలు వెళ్ళిపోతున్నాయి. చలి పెరిగింది. నీ నెయ్యి డబ్బా నిండితే పారేయకు. ఇటు వచ్చేవాళ్ళ చేత పంపు. పొద్దున పొయ్యి రాజేయడానికి కాగితాలు కావాలి.

నా ఎత్తు: కరీంనగర్‌లో ఆగుతాను. ఎడ్లకు విశ్రాంతి. పటం మీదివైనా.

అక్క

*

బెల్లంపల్లి,
24 డిసెంబరు 1983

అక్కకు దండాలు.

మా సర్వే గొలుసు పట్టే లచ్చయ్య జమ్మికుంటకు రైల్లో వస్తున్నాడు. అతని చేత డబ్బా పంపిస్తున్నాను. అడుగు దాకా నొక్కి పెట్టాను. నీ పొయ్యికి సంక్రాంతి దాకా వస్తాయి. నా ఆట వల్ల ఎవరికో ఒకరికి వెచ్చదనం దొరుకుతుందన్నమాట.

పున్నమికి ఇరవై ఆరు కార్డులే వచ్చాయి. దిగబడినవాళ్ళు పోగా ముప్పై మూడు రావాలి. ఏడుగురు ఎందుకు రాయలేదో తెలియదు. పోస్టు ఆలస్యం అయి ఉంటుంది. అంబదాస్ మూలవాగులో దిగబడ్డాడు. గంగుబాయి కడెం వాగులో దిగబడింది. సర్జా, రాజా పేర్లు కాగితంలో నుంచి కొట్టేస్తుంటే చెయ్యి కాస్త ఆగింది. ఆ మాట బావగారితో అనకు.

బాలకిషన్

*

హుజూరాబాద్,
8 జనవరి 1984

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

డబ్బా చేరింది. లచ్చయ్యకు అన్నం పెట్టి పంపాను. మంచివాడు. నీవు సన్నబడ్డావని చెప్పాడు. అడిగితేనే చెప్పాడు.

కాగితాలు బాగా పనికొస్తున్నాయి. ఇల్లు వెచ్చగా ఉంది.

ఒక లెక్క అడుగుతాను. మూడు గవ్వలూ బోర్లా పడడం ఎన్నిసార్లకు ఒకసారి? ఊరికే.

నా ఎత్తు: గంగాధర దాకా.

అక్క

*

బెల్లంపల్లి,
22 జనవరి 1984

అక్కకు దండాలు.

ఎనిమిదింట ఒకసారి. ఒక గవ్వకు రెండు వైపులు, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. నిజం గవ్వలకు వీపు బరువు కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కావాలంటే వందసార్లు వేసి రాసుకో. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పింది నువ్వే, ఇప్పుడు నన్ను అడుగుతున్నావు. నాకు మాత్రం బాగుంది.

పదిహేడు కార్డులు. గంగయ్య ఈ మధ్య మా గల్లీలో సైకిలు దిగడం లేదు. తొక్కుతూనే తల అడ్డంగా ఊపి పోతాడు. నాలుగింటికి ఇంటికి వస్తే తలుపు కింద నేల కనపడుతుంది.

ఒకటి రెండు పక్షాలు చూస్తాను.

బాలకిషన్

*

బెల్లంపల్లి,
20 ఫిబ్రవరి 1984

శ్రీమతి జానకీబాయి గారికి,

ఈ రోజు నా చిరునామాకు ఒక కార్డు వచ్చింది. బోథ్ గంగుబాయి రాసింది. అలవాటు కొద్దీ బెల్లంపల్లి అని రాసినట్టుంది. లోపల ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

“జానకీబాయికి రామ్‌రామ్. కడెం వాగుల నా బండిని గుంజిన సిరిసిల్ల తమ్మునికి నా దండం చెప్పు. గీసారి నిర్మల్ దాక పోత. మీ తమ్మునికి గీ ముచ్చట చెప్పకు. ఫికర్ పడుతడు.”

నేను ఫికర్ పడలేదు. రెండుసార్లు చదివి అర్థం చేసుకున్నాను. పటం నాది. దారులు నావి. నా ఆటలో దిగబడినవాళ్ళనూ, నాకు రాయడం మానినవాళ్ళనూ మీరు పిలిచి కూచోబెట్టుకున్నారు. చిరునామాలు పొయ్యిలో వేస్తానని తెప్పించుకున్న డబ్బాలోవి. గవ్వల లెక్క కూడా నా చేతే చెప్పించుకున్నారు. ఇల్లు వెచ్చగా ఉందని రాశారు. ఉంటుంది.

నా దగ్గర తొమ్మిది బండ్లు మిగిలాయి. వచ్చే అమావాస్య కాగితమే ఆఖరిది. తర్వాత పటాలు పెట్టెలో వేసి తాళం పెడతాను. మీ ఆట బాగా సాగాలని కోరుతూ,

బాలకిషన్‌రావు, సర్వేయరు

*

హుజూరాబాద్,
28 ఫిబ్రవరి 1984

తమ్ముడికి,

పొయ్యికి అని అడగడం అబద్ధం. దానికి ఒక ఉపవాసం ఎక్కువ చేశాను. దేవునితో లెక్క తీరింది. నీతో తీరలేదు.

ఉన్నది చెబుతాను. డబ్బాలో నూట పన్నెండు కార్డులు ఉన్నాయి. నీవు ఫిర్యాదులు అన్నావు. లారీ అడిగినవి, గోదావరిని ఆపమన్నవి అన్నీ కలిపి ఇరవై లేవు. అమావాస్య గురించి రాసినవి పధ్నాలుగు. అందరూ సేద్యం వాళ్ళే. తాడు అడిగినవి నలభై పైన. మిగిలినవి ఫిర్యాదులు కావు. ఒకటి ఈ కవరులో పెట్టాను. చదువు.

వాళ్ళకు జవాబు పోలేదని నాకు సిగ్గు వేసింది. ముందు జవాబులు రాద్దామనే కూచున్నాను. ఒకరికి రాస్తే ఇద్దరు రాశారు. బండి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లాగుతారా అని అడిగారు. బావగారు మొదట తన బండి లాగించుకున్నారు. అట్లా మొదలయింది. ముప్పై ఒక్క బండ్లు అయ్యాయి. నీకు చెప్పాలనుకున్న ప్రతిసారీ ఇంకో కార్డు వచ్చింది. ఇది సాకు. చెప్పకపోవడం తప్పు.

ఇప్పుడు నీకు నవ్వొచ్చే సంగతి. నా ఆట పాడయింది.

నేను అందరి మాటా విన్నాను. ఒకరు మేత బరువు వద్దన్నారు, తీసేశాను. ఒకరు గవ్వలంటే భయమన్నారు, వాళ్ళకు వేయడం మానేశాను. జగిత్యాల పంతులు మరీ బతిమాలితే రెండు మజిలీలు కలిపాను. ఎవరు దిగబడినా అందరూ లాగవచ్చన్నాను. ఇప్పుడు ముప్పై ఒక్క బండ్లూ వరుసగా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఎవరూ దిగబడరు, ఎవరూ మిగలరు. వచ్చే పున్నమికి అందరం ఒకేసారి ధర్మపురి చేరతాం. పోయిన పక్షం ఎనిమిది కార్డులే వచ్చాయి. గంగుబాయి రాసింది: “బాయీ, గిది ఆటనా, భజననా? నేను ఓడుడే లేకుంటె ఎందుకు ఆడాలె?” మీ బావగారు కూడా పటం విప్పడం మానేశారు. మానేట్లో దిగబడినప్పుడే ఆయన ఎక్కువ ఆడారు.

నాకు కాదు అనడం రాదు. నీకు అవును అనడం రాదు. ఒక ఆటకు రెండూ కావాలేమో.

ఇంకొకటి, నేనూ ఒక్కసారే రాస్తాను. లాగినవాళ్ళు లేరని రాశావు. ఆ ఎనిమిది నెలలూ నీవు నాకు కార్డులు రాశావు. పదహారు. అన్నిటి మీదా ‘ఉభయులం క్షేమం’ అని ఉంది. ప్రమోదిని జబ్బు సంగతి మాకు తెలిసింది ఆమె పోయాక వచ్చిన టెలిగ్రాంలో. మీ ఇంటికి వచ్చి ఆమె చీరలు మడిచి పెట్టింది నేనే. నీవు పిలవలేదు, తమ్ముడూ. క్షేమం అంటే నేను నమ్మాను, తవ్వి అడగలేదు. అది నా తప్పు.

పటాలకు తాళం పెట్టకు. ముప్పై ఒక్కరినీ నీకు అప్పగిస్తాను. తిట్టినా సరే, తీసుకో.

అక్క జానకి

*

బెల్లంపల్లి,
20 మార్చి 1984

అక్కకు దండాలు.

మూడు వారాలు కోపంగా ఉన్నాను. రెండు వారాలు నీ మీద. మూడోది నా మీద. అది తొందరగా అలసిపోయింది.

నువ్వు పంపిన కార్డు డిసెంబరుది. గంగుబాయిదే. పై వరుసలో అమావాస్య గురించి ఉంది, నేను అంతవరకే చూసి డబ్బాలో వేశాను. కింద ఇంకో వరుస ఉంది: “సారు ఒక్కడే ఉంటడని లచ్చయ్య చుట్టం చెప్పిండు. ఎవలన్న వండి పెడుతున్నరా? జొన్నలు పంపాల్నా?” మూడు నెలలు ఆ ప్రశ్న నెయ్యి డబ్బాలో ఉంది. పోయిన వారం జవాబు రాశాను. పంపమన్నాను. రొట్టె చేయడం నాకు రాదని కూడా రాశాను. ఎట్లా చేయాలో రెండు కార్డుల నిండా వచ్చింది. కింద అంకెలు వేసి నియమాల లాగే రాసింది.

నీ పాడయిన ఆట గురించి చదివి నవ్వాను. లచ్చయ్య తొంగి చూసి, “సారూ, మంచిగనే ఉన్నరా” అని అడిగాడు. అంత అరుదయిపోయిందన్నమాట.

ఇన్ని కార్డులూ తిరగేస్తే నాకు తెలిసింది ఇది. ఆడేవాళ్ళు నొప్పి ఎక్కడుందో సరిగ్గా చూపిస్తారు. మందు మాత్రం వాళ్ళు చెప్పింది వేయకూడదు. జగిత్యాల పంతులుకు రెండు మజిలీలు ఇచ్చినందుకు నిన్ను ఎన్నటికీ క్షమించను.

ఉగాది తర్వాత కొత్తగా మొదలుపెడదాం. నియమాలు ఇవి. ఎత్తులు ఇకనుంచి ఏకాదశులకు. అమావాస్యనాడు ఎడ్లు కట్టించినందుకు పధ్నాలుగు మందికీ క్షమాపణ పోతుంది, బావగారికి మొదటిది. తాడు ఉంటుంది. కానీ లాగేవాళ్ళ బండి ఆ పక్షం ఆగిపోవాలి. లాగడం ఊరికే అయితే అది భజనే. చివరిది, దిగబడినవాళ్ళు తామే కార్డు రాసి అడగాలి. అడగనివాళ్ళ బండిని ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నియమం ఎవరి మీద రాశానో నన్ను అడగకు.

లారీ లేదు. గోదావరి ఆగదు.

బాలకిషన్

*

హుజూరాబాద్,
27 మార్చి 1984

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

నియమాలు బాగున్నాయి. బావగారు క్షమాపణ కార్డును పటం పక్కన అంటించారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. నాకు మూడోసారి చూపించారు.

ఒక్క షరతు. నీవూ ఒక బండి కట్టాలి. బెల్లంపల్లి నుంచి, అందరితో పాటు. గవ్వలు నీవే వేసుకో, నీ మీద నమ్మకం ఉంది. ఆడనివాడికి ఇసుక ఎంత లోతో తెలియదు.

నీ నెయ్యి డబ్బా ఖాళీ చేసి పంపుతున్నాను. రొట్టె ఒకటి చేసి లచ్చయ్యకు పెట్టు. బతికితే నీవూ తిను.

నా ఎత్తు: మళ్ళీ మానకొండూరు.

అక్క

*

హుజూరాబాద్,
29 మే 1984

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

రెండు కాగితాలూ చూశాను. మొన్న పదకొండో తారీఖు ఏకాదశికి నీ బండి రాయపట్నం దగ్గర గోదావరిలో దిగబడిందని నీ చేత్తో నీవే వేశావు. ధర్మపురి ఎదురుగా. ఇరవై ఆరో తారీఖు కాగితంలోనూ అక్కడే ఉంది. ముప్పై ఎనిమిది బండ్లలో కదలనిది నీ ఒక్కడిదే కాదు, కానీ మిగిలినవాళ్ళ నుంచి తాడు అడుగుతూ కార్డులు వచ్చాయి. నీది రాలేదు.

నేను జగిత్యాల దాటాను. ధర్మపురి ఒక్క ఎత్తు దూరం. ఇవతల నా ముందు ఎవరూ లేరు. అంబదాస్ వెనక వస్తున్నాడు.

అడగనివాళ్ళ బండిని ముట్టుకోకూడదని నియమం. మంచి నియమం. ఎవరు రాశారో గానీ.

అక్క

*

బెల్లంపల్లి,
3 జూన్ 1984

(ఆడేవాళ్ళందరికీ. ముప్పై ఏడు కార్డులు, చేత్తో రాసినవి.)

నమస్కారం. నా బండి గోదావరిలో దిగబడింది. ఒక్కడితో కావడం లేదు. వీలుంటే లాగండి.

బాలకిషన్‌రావు

*

బెల్లంపల్లి,
12 జూన్ 1984

అక్కకు దండాలు.

కాగితం వేరే పంపుతున్నాను. కానీ ముందు నీకు చెప్పాలి.

ఒకరో ఇద్దరో రాస్తారనుకున్నాను. గంగయ్య సైకిలు దిగి, స్టాండు వేసి, సంచీ నుంచి కట్ట తీశాడు. వంటింటి గట్టు మీద పరిచాను. చోటు సరిపోలేదు. జొన్నల గంప కింద పెట్టి మళ్ళీ పరిచాను. ముప్పై ఆరు కార్డులు. ముప్పై ఆరుగురూ ఆగి నన్ను లాగుతున్నారు. ముగ్గురు తామే దిగబడి ఉండి తాడు పంపారు. అది చెల్లదని వాళ్ళకు రాయాలి, ఎట్లా రాయాలో తెలియడం లేదు. మంథని వకీలు కావాలంటే లారీ తెస్తానన్నాడు. అంబదాస్ ‘సారూ, గట్టిగ పట్టుకోండ్రి, నేను’ దాకా రాశాడు. కరెంటు వచ్చినట్టుంది. గంగుబాయి సర్జాను, రాజాను పంపింది. వాటికి ఏటిలో నీళ్ళు తాగించమంది. బావగారు ‘ఏట్ల మనుషులుంటరు తమ్మీ’ అని అంతే రాశారు.

ఆట నడిపేవాడిగా నాకు చాలా కోపంగా ఉంది. ఈ ఏకాదశి కాగితం నిండా ఒకటే వార్త వేయాల్సి వచ్చింది: బండ్లన్నీ ఆగిపోయాయి. ఆట మొత్తం నిలిచిపోయింది. ఇట్లా అయితే కుదరదు. ఒక బండిని ముగ్గురికి మించి లాగకూడదని నియమం పెట్టాలనుకుంటున్నాను. మీ అభిప్రాయాలు రాయండి అని కాగితం కింద అడిగాను. డబ్బా తీసేశాను. గంగుబాయి జొన్నపిండి అందులో పోశాను.

కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకున్నాను. బొగ్గు ధూళి.

ఒక్క సంగతి. ముప్పై ఏడుగురికి రాశాను. ముప్పై ఆరుగురు లాగారు. ఆ ముప్పై ఏడో కార్డు కూడా వచ్చింది. నీది. ‘నా ఎత్తు: ధర్మపురి’ అని ఉంది. ఆ పక్షం కదిలిన బండి అదొక్కటే. నియమం ప్రకారం నువ్వు గెలిచావు.

అక్కా, నువ్వెందుకు లాగలేదు?

బాలకిషన్

*

హుజూరాబాద్,
17 జూన్ 1984

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

నేను లాగితే, అక్క కాబట్టి లాగింది అనుకుంటావు. ముప్పై ఆరుగురిని ఏమనుకుంటావో చూద్దామని.

దారి కూడా ఖాళీగా ఉంది. అందరూ ఆగితే ఎవరో ఒకరు గెలవాలి కదా. బావగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను స్వామి ప్రసాదమని కొబ్బరి ముక్క ఇస్తే తీసుకున్నారు.

ముగ్గురికి మించి వద్దన్న నియమం బాగుంది. నా అభిప్రాయం: ఈ ఒక్కసారి అయ్యాక పెట్టు.

నేను ఇవతలి ఒడ్డున కూచున్నాను. తొందర లేదు. నెమ్మదిగా రా.

అక్క జానకి